ఇంటిపేరు ఎటు పోయింది?

పిల్లలూ! గుంటూరు బడిలో హాజరు వేసేటప్పుడు నేను కొండవీటి, పొన్నూరి అని ముందు ఇంటిపేరే పిలిచేవాణ్ణి. చాలా ఇంటిపేర్లలో తాతల నాటి ఊరు దాగి ఉంటుంది.

గౌతమీ గోదావరి ఒడ్డున ఉన్న యానాం 1954 దాకా ఫ్రెంచివారి చేతిలో ఉండేది. 1828లో అక్కడినుంచి 15 మంది మనవాళ్ళు కూలిపనికి ఓడ ఎక్కి, హిందూ మహాసముద్రంలోని ఫ్రెంచి దీవి రీయూనియన్‌కు చేరారు. తరువాత ఎందరో వెళ్ళారు. వారిలో తమిళులే ఎక్కువ.

ఫ్రెంచివారికి ఇంటిపేరు చివర ఉంటుంది. రామస్వామి అని ఒకడు అక్కడ దిగాడనుకోండి. గుమాస్తా వ్రాసుకొన్నది ఆ ఒక్క మాటే. మనుమల నాటికి అదే ఇంటిపేరై కూర్చున్నది. దాని ముందు జోసెఫో, మరీయో వచ్చి చేరింది. తమాషా చూడండి: ఫ్రెంచిలో రెండు అచ్చుల నడుమ ఒక్క ‘ఎస్’ ఉంటే ‘జ’ అని పలుకుతారు. రామస్వామి ‘రామజామి’ కాకుండా రెండు ‘ఎస్’లు వ్రాశారు!

కొండవీటి వంటి మాట మాత్రం రేవులోనే రాలిపోయింది. ఇప్పుడు ఆ మునిమనుమలు ముత్తాత ఊరు వెతుకుతున్నారు. పాత పట్టీలలో ఆయనకు వేసిన అంకె దొరికితే ఓడ పేరు, ఎక్కిన రేవు తెలియవచ్చు. కాని యానాంలో ఓడ ఎక్కినవాడు యానాంవాడే కావాలని ఏమున్నది?

మీ ఇంటిపేరులో ఏ ఊరున్నదో తాతయ్యను అడిగి, నాకొక కార్డు వ్రాయండి.