ముద్ర యెవరిది? చెయ్యి యెవరిది?

పాత పనిముట్లు పోగుచేసే పెద్దల్లో కొందరిదొక సిద్ధాంతం. పనిముట్టు మీద కొట్టిన ముద్రే దాని జన్మపత్రిక. అది చదివితే చేసినవాడెవడో తేలిపోతుంది, అంతటితో పరిశోధన సమాప్తం! యీ సిద్ధాంతాన్ని నేను ఒప్పుకోను. ముద్ర ముందుగా చెప్పేది యాజమాన్యం సంగతి. చేసిన చేతి సంగతి అది చెప్పవచ్చు, దాచనూవచ్చు.

అమెరికాలోని మసాచుసెట్సులో రెంథం అనే వూరుంది. 1728లో అక్కడికి వచ్చిన ఫ్రాన్సిస్ నికల్సన్ 1753లో చనిపోయేదాకా చిత్రికలు చేసి అమ్మాడు. తన పేరు ముద్రించి చిత్రికలమ్మిన అమెరికనుల్లో అతడు తొలితరం వాడు. తలుపు చట్రాలకూ, గోడల చెక్కపనికీ అంచుల్లో వంపులు దిద్దే పనిముట్లవి. బర్చ్ కర్ర, సుమారు పదంగుళాల పొడవు, పైఅంచులు వెడల్పుగా చదునుగా చెక్కి వుంటాయి. ముందు కొసన అతని పేరు, దాని కింద రెంథంలో నివాసమన్న మాట.

వొకే చిత్రిక మీద మూడు నాలుగు పేర్లుండటం మామూలే. కొనుక్కున్న వడ్రంగి తన పేరు కొట్టుకుంటాడు, అతని తర్వాత కొన్నవాడు తన పేరు కొట్టుకుంటాడు. లోపలి ఇనుప ఉలి మీద కమ్మరి గుర్తు వేరే వుండవచ్చు. వేర్వేరు చోట్ల దొరికిన అనేక చిత్రికల మీద వొకే పేరు వొకే స్థానంలో కనిపిస్తే అది తయారీదారుదని పోలుస్తారు. మంచి పద్ధతే. దానితో నాకు పేచీ లేదు. (మన వడ్రంగి తన చిత్రిక దిమ్మను చాలావరకు తానే చెక్కుకునేవాడు. దానిమీద పేరుతో అతనికి పనిలేదు. సరుకై సంతకెక్కినప్పుడే పనిముట్టుకు పేరు కావలసి వస్తుంది.)

పేచీ అంతా ఆ తర్వాతి మెట్టు దగ్గర. నికల్సన్ ఇంట సీజర్ చెలర్ అనే నల్లజాతి బానిస వుండేవాడు. యజమాని తన వీలునామాలో అతనికి స్వేచ్ఛ ఇచ్చాడు. దానితోపాటు పడకా, బట్టలూ, పనిబల్లా, పనిముట్లూ, వొక సెట్టు ఉలులూ, పదెకరాల నేలా, తన కలపలో మూడోవంతూ ఇచ్చాడు. యీ జాబితాను మరోసారి చదవండి. పనిబల్ల, ఉలులు, కలప! పశువులు కాచినవాడికీ, పొయ్యి రాజేసినవాడికీ ఇచ్చే వస్తువులా ఇవి? స్వేచ్ఛ వచ్చాక చెలర్ అదే రెంథంలో అదే కర్రతో అదే పోలిక చిత్రికలు చేశాడు. ముందు కొసన ఇప్పుడు తన పేరు కొట్టాడు. ఆ పనితనం 1753లో తెల్లవారేసరికి అతని చేతికి అబ్బిందా? ఏళ్ల తరబడి నికల్సన్ కొట్టంలో అబ్బింది. అంటే, అన్నేళ్లూ అతను చెక్కిన చిత్రికలు నికల్సన్ పేరుతోనే సంతకు వెళ్లాయి. నికల్సన్ కొడుకు జాన్ కూడా చిత్రికలే చేశాడు. కొడుక్కి తన పేర ముద్ర వుంది. బానిసకు మాత్రం పేరు కొట్టుకోవటానికి యజమాని చావు రావలసి వచ్చింది.

వీలునామా చూపించి, చూడండి యెంత దయగల యజమానో అనేవారున్నారు. ఆ వీలునామా చెలర్ నమ్మకమైన సేవనూ, క్రైస్తవ నడవడినీ మెచ్చుకున్న మాట నిజమే. బతికివున్నన్నాళ్లూ అనుభవించి, ఇక తనకు అక్కరకు రాని రోజున విడిచిపెట్టిన సొత్తు అది. దాన్ని దయ అంటే భాష మీద దయ లేనట్టే.

ఇదంతా వూహ, సాక్ష్యం కాదని మరో అభ్యంతరం. నికల్సన్ ముద్ర వున్న ప్రతి చిత్రికా చెలర్‌దే అని నేననటం లేదు. అలా అంటే అది మరో రకం మూఢత్వం. ఇది చెలర్‌ది, అది నికల్సన్‌ది అని విడదీయటానికి యే ఆనవాలూ మిగల్లేదు. విడదీయలేనప్పుడు మొత్తం యజమాని ఖాతాలో జమకట్టటం యే శాస్త్రం? అనుమానం వచ్చిన ప్రతిచోటా దాని ఫలం యజమానికే దక్కాలా? అలాగైతే ప్రతి దుకాణంలోనూ పనివాళ్లనీ, నేర్చుకునే కుర్రాళ్లనీ లెక్కలోకి తీసుకోవాలి కదా అని వెక్కిరించవచ్చు. తీసుకోవాలనే నా వాదన.

మసాచుసెట్సులో బానిసత్వం నిలవదని అక్కడి న్యాయస్థానం 1783లో తేల్చింది. మరుసటేడు, 1784లో, చెలర్ చనిపోయాడు. పేరు తెలిసిన ఆఫ్రో-అమెరికన్ పనిముట్ల తయారీదారుల్లో అతడే తొలివాడంటారు. ఇప్పుడతని ముద్ర వున్న చిత్రికల కోసం సేకర్తలు పోటీలుపడి డబ్బు పోస్తున్నారు. పోయనివ్వండి. కాని నికల్సన్ ముద్ర వున్న చిత్రికల పట్టీలో, తయారీదారు అన్న గడిలో, నికల్సన్ పేరు పక్కన ఇంకో పేరు రాయటానికి దమ్మిడీ ఖర్చు కాదు. రెండంగుళాల జాగా చాలు.