‘పుట్ ద ఫ్యాన్’ అన్న పిల్లల్ని కోప్పడకండి



పేరెంట్స్ మీటింగులో తరచూ వినే మాట ఇది: “మేడమ్, మావాడు ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడడు. మాట్లాడినా ‘పుట్ ద ఫ్యాన్’, ‘సర్ కెప్ట్ ఎగ్జామ్’ అంటాడు. ఇంత ఫీజు కట్టి ఏం లాభం?” అడగాల్సిన ప్రశ్నే. అయితే ఆ తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారి చూడండి.

మన ధరణికోటలో ‘వేయడం’ అనే ఒక్క మాటతో ఎన్ని పనులు గడుస్తాయో! ఈ ఏడు మిరప వేశాం అంటాం, ఎరువు వేస్తాం. ఇంటికొచ్చి ఫ్యాన్ వేస్తాం, రాత్రి తలుపు వేస్తాం, తాళం వేస్తాం. జ్వరమొస్తే బిళ్ల వేసుకుంటాం. చలి వేస్తుంది, ఆకలి వేస్తుంది, భయమూ వేస్తుంది. ఇంగ్లిష్‌లో పంటకు ప్లాంట్, ఫ్యాన్‌కు స్విచ్ ఆన్, తలుపుకు షట్, బిళ్లకు టేక్. చలికైతే వాక్యమే మారిపోయి ‘ఐ ఫీల్ కోల్డ్’ అవుతుంది. ‘పెట్టడం’ కూడా అంతే. అన్నం పెడతాం, పేరు పెడతాం, సార్ పరీక్ష పెడతారు. ‘పెట్టు’ అంటే ‘కీప్’ అని బట్టీ పట్టిన పిల్లవాడు ‘సర్ కెప్ట్ ఎగ్జామ్’ అనక ఏమంటాడు? బట్టీ పట్టించింది మనమే, మా టీచర్లతో సహా.

ఇది మన పిల్లల కష్టం మాత్రమే కాదు. ‘టేక్’ ఇంగ్లిష్ వాళ్ల సొంత మాట కూడా కాదు. సుమారు వెయ్యేళ్ల కిందట డెన్మార్క్, నార్వేల నుంచి వచ్చి ఇంగ్లండులో స్థిరపడినవాళ్ల భాష నుంచి వచ్చింది. డేనిష్‌లో ఆ మాట నేటికీ ఉంది. ఊరికి బయల్దేరడానికి కూడా దాన్నే వాడతారు. దాన్ని మాటకు మాటగా ఇంగ్లిష్‌లోకి తెస్తే డేనిష్ పిల్లలకూ తప్పే పడుతుంది. 1909 నుంచి 1949 దాకా ఏడు సంపుటాలుగా వచ్చిన పెద్ద ఇంగ్లిష్ వ్యాకరణం రాసింది కూడా డెన్మార్క్ పండితుడు ఓటో యెస్పర్సనే. ‘టేక్ ఎ వాక్’, ‘హావ్ ఎ లుక్’ లాంటి చోట్ల అర్థం బరువంతా పక్క మాట మీదే ఉంటుంది కాబట్టి ఆ క్రియలను ఆయన తేలిక క్రియలన్నారు.

అందుకే క్రియను ఒంటరిగా నేర్పకూడదంటాను. ‘టేక్’ అంటే తీసుకో అని కాక, ‘టేక్ ద బస్’, ‘టేక్ ఎ ఫొటో’ అని జతగా చెప్పాలి. పిల్లలు తప్పు పలికితే సరైన వాక్యం ఒకసారి మీరు అని ఊరుకోండి. చాలు.

ఇంకో మాట, కొందరికి నచ్చకపోవచ్చు. ఇంగ్లిష్ వస్తుందని ఇంట్లో తెలుగు ఆపేసి ‘కమ్, సిట్, ఈట్’ దగ్గర ఆగిపోకండి. నాయనమ్మ “చలి వేస్తోందా నాన్నా” అని అడిగే ఇంట్లో పిల్లవాడికి ఆ మాట అర్థం ముందే తెలుసు. దానికి ఇంగ్లిష్ వాక్యం ఒకటి జత చేయడమే మా పని. ఆ అర్థమే లేని పిల్లలకు నేర్పడం మాకు చాలా కష్టం.

ఈ ఆదివారం అన్నాల దగ్గర ‘వేయడం’తో ఎన్ని వాక్యాలు వస్తాయో పిల్లలతో లెక్కపెట్టించండి. తాతయ్యలే గెలుస్తారు. కృష్ణలో వల వేయడం మరిచిపోవద్దు. దానికి ఇంగ్లిష్‌లో ‘కాస్ట్ ఎ నెట్’. ఓటు వేయడానికీ, మంత్రం వేయడానికీ అదే ‘కాస్ట్’!