అఖ్తర్ ఎక్కడికి పోయినాడు?

2023 మార్చి 13 పొద్దున మా ఇంట్లో పిల్లలు బడికి పోకుండా టీవీ ముందర కూచున్నారు. 'నాటు నాటు'కు ఆస్కార్ అని చెప్పంగానే మా అక్క కొడుకు లేచి ఎగిరినాడు. కీరవాణి, చంద్రబోస్ వేదిక ఎక్కితే నాకూ ఒళ్లు పులకరించింది. మేము దూదేకులోళ్లం. మాకు ఇంట్లో ఉర్దూ లేదు. జోలపాట నుంచి శాపనార్థం దాకా మాకు వచ్చింది తెలుగే. కాబట్టి నా భాష గెలిచిందనే అనుకున్నా. ఈ మాట ముందే చెప్పి పెడుతున్నా. ఎందుకంటే ఇక మీదట నేను రాసేది చదివి "వీనికి తెలుగోడి గెలుపు ఓర్వలేదు" అనేవాళ్లు తప్పకుండా ఉంటారు.

ఆ సాయంత్రం పిల్లోడు అడిగినాడు: "మామా, ఆ పాటలో ఎగిరినప్పుడు ఎన్టీఆర్ పేరు అఖ్తర్ కదా. మరి అందరూ భీమ్ అంటాండారేంటికి?"

తొమ్మిదేళ్ల పిల్లోనికి కనిపించింది మన సినిమా విమర్శకులకు కనిపించలేదు. సినిమా మళ్లీ గుర్తు చేసుకోండి. 1920 నాటి ఢిల్లీ. తెల్లదొర ఎత్తుకుపోయిన మల్లిని వెతుక్కుంటూ వచ్చిన గోండు బిడ్డ భీమ్ అఖ్తర్ పేరుతో, నెత్తిన టోపీతో, కళ్లకు సుర్మాతో ఒక ముస్లిం కుటుంబం నీడన దాక్కుంటాడు. మోటారు బండ్లు బాగుచేస్తాడు. తెల్లపిల్ల జెన్నీ అతన్ని అఖ్తర్ అనే పిలుస్తుంది. ఆ విందులో ఎగిరినప్పుడు అక్కడున్న అందరికీ అతను అఖ్తరే. అంటే లోకం మొత్తాన్ని ఎగిరించిన ఆ రెండు జతల కాళ్లలో ఒక జత, కథ లెక్క ప్రకారం, మావాడివి!

తర్వాత రామ్‌ను పాము కరుస్తుంది. భీమ్ అతన్ని బతికించి తన అసలు పేరు చెప్తాడు. అక్కడితో అఖ్తర్ సరి. సుర్మా కడుక్కుపోయింది. టోపీ ఏ మూల పడిందో ఎవరికీ పట్టలేదు. అంతకన్నా నన్ను బాధపెట్టింది, తిండిపెట్టి చోటిచ్చిన ఆ ఇల్లు. గవర్నరు మీదికి పోయేవాణ్ణి ఇంట్లో దాచుకోవడం అంటే ఆటలా? ఆ కుటుంబంలో ఒక్క పేరు మీకు గుర్తుందా? నాకూ గుర్తులేదు. గుర్తుండేటట్టు తీయలేదు.

వేషం వేయడం తప్పని నేననడం లేదు. పోరాడేవాళ్లు వేషాలు మార్చాల్సి వస్తుంది. నేనడిగేది ఒకటే: తెలుగు తెరమీద మా టోపీ ఎప్పుడూ వేషమేనా? దాని కింద ఒక తలకాయ ఉండదా? ఉంటే అది నమ్మకంగా చచ్చిపోయే స్నేహితుడి తలకాయ, లేకుంటే బాంబు పెట్టేవాడి తలకాయ. 2002లో వచ్చిన 'ఖడ్గం'లో ప్రకాష్‌రాజ్ వేసిన ఆటో డ్రైవర్ అంజాద్ మంచివాడే. కాదన్ను. ఆ మంచితనం రుజువు కావడానికి తమ్ముడు టెర్రరిస్టు కావాల్సి వచ్చింది. మిగతావాళ్లు పుట్టుకతో దేశభక్తులు. మేము మాత్రం పరీక్ష రాసి పాసు కావాలి. ఇక భాష సంగతి చెప్పకండి. వంకర టింకర తెలుగు మాట్లాడితేనే తురకోడని జనానికి తెలుస్తుందని మన రచయితల లెక్క. మా అమ్మ మాట్లాడే తెలుగు ముందు ఆ డైలాగులు రాసేవాళ్లు బలపం పట్టాల్సిందే.

ఆ టోపీ తీసే దాకా కూడా కొందరు ఓర్చుకోలేదు. 2020 అక్టోబరులో భీమ్ టీజర్ వచ్చినప్పుడు టోపీ కనపడింది ఒక్క క్షణం. తెలంగాణ బీజేపీ నాయకులు సినిమా ఆడనియ్యమని బెదిరించినారు. ఇక్కడ ఒక సంగతి విడదీసి చెప్పాలి. నిజాం సర్కారుతో పోరాడి 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చిన తమ వీరుడికి ఇంకో వేషం వేసినారని ఆదివాసులు నొచ్చుకుంటే ఆ నొప్పి న్యాయమైంది. దానికి నేను తలవంచుతా. ఆ నొప్పిని ఎత్తుకుపోయి మా నెత్తిన కర్రగా వాడుకున్నవాళ్లతోనే నా పేచీ. భీమ్ గౌరవం మీద వాళ్లకు అంత ప్రేమ ఉంటే చివరి ఘట్టం చూసి ఎందుకు నోరెత్తలేదు? రామ్ విల్లుబాణాలతో దేవుడై నిలబడతాడు. భీమ్ నాకు చదువు చెప్పమని అడుగుతాడు. జల్, జంగల్, జమీన్ అన్న మాట కూడా రామ్ రాసిస్తే భీమ్‌కు అందుతుంది. అఖ్తర్‌ను మాయం చేసినవాళ్లు భీమ్‌ను మాత్రం నిలబెట్టినారా?

నిజాం పేరెత్తినందుకు మా సీమ సంగతీ చెప్పాలి. 1800లోనే నిజాం మమ్మల్ని కంపెనీకి రాసిచ్చేసినాడు. దత్త మండలాలని పేరు. ఆ తర్వాత మేము మద్రాసు సర్కారు కింద బతికినాం. రజాకార్లు పుట్టేనాటికి మాకూ నిజాముకూ బంధం తెగి నూరేళ్లు దాటిపోయింది. అయినా అనంతపురం వీధిలో గడ్డం పెంచుకున్న పిల్లోణ్ణి చూసి "ఒరే రజాకారూ" అంటారు. చరిత్ర తెలిసి అనరు, సినిమా చూసి అంటారు. ఆ రజాకార్లను ఎదిరించి రాసినందుకు 1948 ఆగస్టులో హత్యకు గురైన పత్రికా సంపాదకుడి పేరు షోయబుల్లాఖాన్. 1857 జూలైలో హైదరాబాదు రెసిడెన్సీ మీదికి దండెత్తిన వాని పేరు తుర్రెబాజ్ ఖాన్. ఆర్ఆర్ఆర్ చివర 'ఎత్తర జెండా' పాటలో వీరుల బొమ్మలు వస్తాయి. బోసు, పటేలు, భగత్‌సింగ్, కిత్తూరు చెన్నమ్మ, ప్రకాశం పంతులు, శివాజీ కూడా. ఒక్క ముస్లిం మొహం లేదు. అష్ఫాఖుల్లాను ఉరితీసిన తాడు కూడా అద్దెకు తెచ్చిన వేషమేనా?

లౌకికవాద మిత్రులారా, మీతోనే నా పోట్లాట. బీజేపీవాళ్లు టోపీ మీద పడ్డప్పుడు "కళాకారుడి స్వేచ్ఛ" అని వ్యాసాలు రాసినారు. బాగుంది. ఆ కళాకారుడే టోపీ తీసి పారేస్తే మీకెందుకు చీమ కుట్టినట్టయినా లేదు?

ఆస్కార్ పట్టీలోకి మన దేశం మొదటిసారి ఎక్కింది 1958లో, 'మదర్ ఇండియా'తో. తీసింది మెహబూబ్ ఖాన్. సంగీతం నౌషాద్. పాటలు షకీల్ బదాయూనీ. కాడి భుజానికెత్తుకొని దేశానికే అమ్మగా నిలబడ్డ నర్గీస్ అసలు పేరు ఫాతిమా రషీద్. ఆ కథే 1971లో తెలుగులో 'బంగారు తల్లి' అయింది. మా జేజి ఆ సినిమా చూసి వచ్చి రెండు రోజులు అన్నం సరిగా తినలేదంట. కరువు తెలిసిన మనిషి కదా. జాతీయ సమైక్యత చిత్రానికిచ్చే జాతీయ అవార్డుకు నర్గీస్ పేరు పెట్టుకున్నారు. 2023 ఆగస్టులో ఆ నర్గీస్ దత్ అవార్డును ఇచ్చింది దేనికో తెలుసా? 'ది కశ్మీర్ ఫైల్స్'కు! మమ్మల్ని చూపించి జనం పిడికిళ్లు బిగించేటట్టు చేసిన సినిమాకు, సమైక్యత పేరుతో, ఫాతిమా పేరుమీద. అదే జాబితాలో ఆర్ఆర్ఆర్‌కు ప్రజాదరణ చిత్రం అవార్డు, అల్లు అర్జున్‌కు ఉత్తమ నటుడి అవార్డు వచ్చినాయి. తెలుగు పత్రికలు మొదటి పేజీ నిండా పండగ చేసుకున్నాయి. మరుసటేడు, 2024లో, ఆ అవార్డుకు నర్గీస్ పేరే తీసేసినారు. టోపీ పోయింది, పేరూ పోయింది.

'లగాన్' గురించి ఒక్క మాట. 2002లో నామినేషన్ దాకా పోయింది. మబ్బులొచ్చి ఊరించి పోయే ఆ పాట చూసి మా అనంతపురంలో నవ్వినవాళ్లు లేరు. శెనక్కాయ విత్తి ఆకాశం చూసే ఊర్లు మావి. ఆ జట్టులో కుండలు చేసే ఇస్మాయిల్ ఉన్నాడు. దెబ్బ తగిలినా వచ్చి బ్యాటు పట్టుకున్నాడు. వాడు ఎవడి వేషమూ కాదు, వాడు వాడే. అయినా గెలుపుకు ఒక దెబ్బ తినడం మాకు తప్పలేదనుకోండి.

ఆర్ఆర్ఆర్ పాట పోటీపడిన ఏడే 'ఆల్ దట్ బ్రీత్స్' అనే డాక్యుమెంటరీ కూడా నామినేషన్లో ఉంది. షౌనక్ సేన్ తీసినాడు. గెలవలేదు. మన పేపర్లలో దానికి దక్కింది ఒక మూల. ఢిల్లీ వజీరాబాదులో నదీమ్, సౌద్ అనే అన్నదమ్ములు ఒక నేలమాళిగలో దెబ్బతిన్న గద్దలకు కట్లు కడతారు. గాలిపటాల మాంజా తెగి, పొగకు ఊపిరాడక రాలిపడే గద్దలు. ఎందుకు మొదలుపెట్టినారంటే, వాళ్లు చిన్నప్పుడు ఒక గద్దను పక్షుల ఆసుపత్రికి తీసుకుపోతే, ఇది మాంసం తినే పక్షి, మేము చూడమన్నారంట. బయట పౌరసత్వ చట్టం మీద జనం రోడ్లెక్కినారు, 2020 ఫిబ్రవరిలో ఢిల్లీ తగలబడింది. వీళ్లు లోపల రెక్కలు కుడుతున్నారు. నినాదం లేదు, దేశభక్తి పరీక్ష లేదు. టోపీ పెట్టుకున్నవాళ్లు తెరమీద పని చేసుకుంటూ కనిపిస్తారు, అంతే.

ఆ గద్ద ముచ్చట నన్ను నిద్రపోనియ్యలేదు. పోయినేడు టౌన్లో బాడుగ ఇల్లు వెతుకుతూ ఒక వాకిలి తొక్కినాం. ఇంటాయన మర్యాదగానే కూచోబెట్టినాడు. నా తెలుగు విని, నా పేరు అడగకుండానే అడ్వాన్సు దాకా వచ్చినాడు. పేరు చెప్పినాక "ఏమనుకోవద్దప్పా, మాంసం తినేటోళ్లకు ఇయ్యకూడదని ఇంట్లో ఆడోళ్లు పట్టుబట్టినారు" అన్నాడు. ఆయన పెరట్లో నాటుకోళ్లు తిరుగుతున్నాయి. గోడమీద గూగూడు కుళ్లాయిస్వామి పటం ఉంది.

బయటి ఊరివాళ్లకు ఇది చెప్పాలి. నార్పల మండలం గూగూడులో పీర్ల పండగకు వచ్చే జనంలో హిందువులే ఎక్కువ. మొక్కుకుంటారు, గుండం చుట్టూ తిరుగుతారు, పిల్లలకు కుళ్లాయప్ప అని పేరు పెట్టుకుంటారు. కుళ్లాయి అంటే టోపీ. మా జిల్లాలో టోపీ దేవుడి పేరు. వేలమంది రెడ్లూ బోయలూ కురబలూ ఆ పేరుతో ఓటరు జాబితాలో ఉన్నారు. ఏ వేషగాడూ వచ్చి ఆ పేరును వాళ్ల నెత్తిమీంచి తీయలేదు. ఇంత కథ మన ఇంటి ముందరుంటే, తెలుగు సినిమా మాకోసం ఢిల్లీ పోయి ఒక దొంగపేరు తెచ్చింది.

మావాడు ఇప్పటికీ ఆ పాటకు ఎగురుతాడు. తోడుకు పక్కింటి పిల్లోణ్ణి పిలుస్తాడు. "నేను రామ్" అంటాడు ఒకడు, "నేను భీమ్" అంటాడు ఇంకొకడు. మరి అఖ్తర్ ఎవర్రా అని అడిగినా మొన్న. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.