వాడకపోతే పాడవదా?

మొన్న శుక్రవారం భోజనాల దగ్గర ఒకాయన సెలవిచ్చాడు: "వాడని బ్యాటరీ ఎందుకు పాడవుతుందండీ? ఎండకు పోయుంటుంది. కొత్తది వేయించుకుంటే పోలా?" చుట్టూ ఉన్నవాళ్లంతా తలలూపారు. ఆ ఊగిన తలల్లో ఒకటి ఎలక్ట్రీషియన్‌ది. అది చూశాక ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

మా అల్ వుకైర్ ఖతర్‌లో, దోహాకు దక్షిణాన, అల్ వక్రాకు పడమటి పక్కన ఉంటుంది. చలికాలం వస్తే ఇక్కడి కుటుంబాలు మెసయీద్ మీదుగా సీలైన్ ఇసుక తిన్నెల వైపు, ఇంకా కిందికి ఖోర్ అల్ ఉదైద్ వైపు కరవాన్లు లాక్కుని పోతాయి. ఏప్రిల్ దాటి వేడి మొదలయ్యాక ఆ కరవాన్ ఏ గోడ పక్కకో చేరుతుంది. తాళం పడుతుంది. లోపల దీపాలకూ, నీళ్ల పంపుకూ, చిన్న ఫ్రిజ్‌కూ ప్రాణం పోసే డీప్ సైకిల్ బ్యాటరీ కూడా ఆ తాళం లోపలే ఉండిపోతుంది. మళ్లీ నవంబరు దగ్గర పడితేగానీ దాని మొహం ఎవరూ చూడరు. దాన్ని చూసుకోవాల్సిన మనుషుల్లో మనవాళ్లూ ఉన్నారు: జగిత్యాల నుంచో, నిజామాబాద్ నుంచో, కడప నుంచో వచ్చిన హౌస్ డ్రైవర్లు.

పని లేకపోతే బ్యాటరీ విశ్రాంతి తీసుకుంటుందట! ఎవరు చెప్పారు ఈ మాట? వట్టిపోయిందని గేదెకు మేత మానేస్తామా? సీసం ప్లేట్లు, పలచని సల్ఫ్యూరిక్ యాసిడ్ కలిసి ఉన్నంతకాలం లోపల రసాయన చర్య జరుగుతూనే ఉంటుంది. 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే తయారుచేసిన మొదటి సీసం బ్యాటరీ నుంచి నేటి దాకా ఇదే కథ. ఛార్జ్ తగ్గేకొద్దీ ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది. వెంటనే ఛార్జ్ చేస్తే అది కరిగి మళ్లీ యాసిడ్‌లో కలుస్తుంది. వారాలు, నెలలు వదిలేస్తే గట్టి స్ఫటికాలుగా ముదిరిపోతుంది. అప్పుడు మామూలు ఛార్జర్ దాన్ని కదిలించలేదు. ప్లేట్‌లో అంత మేర పనికిరాకుండా పోయినట్టే. అలాంటి బ్యాటరీని రాత్రంతా ఛార్జ్ చేస్తే మీటరు మీద 12.6 వోల్టులు చూపిస్తుంది. సీలైన్‌లో దీపం వేసిన గంటకే చతికిలబడుతుంది. "రాత్రే ఫుల్ చేశాను సార్" అని డ్రైవర్ చెప్పేది నిజమే. వినేవాడికే అబద్ధంలా తోస్తుంది.

ఇక లెక్కల్లోకి వద్దాం. మంచి స్థితిలో ఉన్న సీసం బ్యాటరీ, ఏమీ తగిలించకపోయినా, 25 డిగ్రీల దగ్గర నెలకు 3 నుంచి 5 శాతం ఛార్జ్ పోగొట్టుకుంటుంది. వేడి 10 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ ఈ నష్టం ఇంచుమించు రెట్టింపవుతుంది. అంటే 45 డిగ్రీల దగ్గర నెలకు 12 నుంచి 20 శాతం. జూన్, జులై, ఆగస్టు గడిచేసరికి దగ్గరదగ్గర సగం ఖాళీ. ఇది కనెక్షన్ తీసేసిన బ్యాటరీ సంగతి. తీయని కరవాన్‌లో గ్యాస్ అలారం, రేడియో గడియారం, పంపు స్విచ్ మీది చిన్న ఎర్ర లైటు కలిసి 50 మిల్లీ ఆంపియర్లు లాగుతున్నాయనుకోండి. అది రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు. నలభై రోజులకు 48. బ్యాటరీ 100 ఆంపియర్ అవర్లదైతే ఎవరూ వాడకుండానే సగం తాగేసినట్టు. "వాడలేదు" అనే మాటకు ఇక అర్థం ఏముంది?

ఎండకు పోయిందంటారు. ఎండ తోడుదొంగ, ఒప్పుకుంటాను. దోహాలో 2010 జులై 14న 50.4 డిగ్రీలు నమోదైన దేశం ఇది. కానీ నిండుగా ఉన్న బ్యాటరీని ఎండ ఒక్క వేసవిలో చంపదు, ఆయుష్షు తగ్గిస్తుంది. చంపేది ఖాళీతనం. ఖాళీగా పడున్న బ్యాటరీని ఇనుప పెట్టెలో పెట్టి, ఆ పెట్టెను పడమటి ఎండ తగిలే గోడకు ఆనించి, పైన నల్ల తార్పాలిన్ కప్పి, అక్టోబరులో ఎండను తిట్టడం పెద్దమనిషి లక్షణం కాదు. ఈ దేశపు ప్రభుత్వమే 2021లో ఒక నిర్ణయం చేసింది: జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదని. ఎండ ఎంత ప్రమాదమో చట్టానికి తెలుసు. మూడొందల రియాళ్ల బ్యాటరీని అదే ఎండలో నెలల తరబడి ఆకలితో పడేసే మనిషికి తెలియదా? తెలుసు. ఖర్చు తనకొచ్చినా, తిట్టు ఇంకొకడికి పోతుంది కాబట్టి పట్టించుకోడు.

ఈ తిట్టు సంగతి చెప్పాలి. సీజన్ ముందు పెట్టె మూత తెరిస్తే ఎలా ఉంటుందో నేను చూశాను. పాజిటివ్ టెర్మినల్ చుట్టూ నీలం, ఆకుపచ్చ కలిసిన పొడి పేరుకుని ఉంటుంది. సెల్ మూతలు తిప్పితే రెండు సెల్స్‌లో ప్లేట్ల అంచులు నీటిపైకి తేలి తెల్లగా, బూడిద రంగులో కనబడతాయి. హైడ్రోమీటర్‌తో యాసిడ్ పీలిస్తే లోపలి తేలుడు గొట్టం 1.150 కూడా దాటదు, నిండు బ్యాటరీలో 1.265 దగ్గర నిలబడాల్సింది. ఆ తెల్లటి అంచులే అసలు సాక్ష్యం. వాటిని ఎవరైనా చూశారా? లేదు. "డ్రైవర్ చూసుకోలేదు" అన్నారు. చూసుకోమని ఎవరూ అతనికి మీటరు ఇవ్వలేదు, ఛార్జర్ ఇవ్వలేదు, కరవాన్ తాళం చెవి కూడా ఇవ్వలేదు. చెవి ఇంటివాళ్ల దగ్గర, నింద డ్రైవర్ మీద. నాకు తెలిసినవాళ్లలో ఒకతనికి ఆ నెల జీతంలో కోత కూడా పడింది. ఏ ఇల్లు, ఎవరు అని అడగొద్దు. ఇలాంటి ఇళ్లు ఎన్నో.

ఇంకో పెద్దమనిషి ఉపాయం ఇది: "వారానికోసారి బండి స్టార్ట్ చేసి పావుగంట ఉంచితే చాలు." కరవాన్ ఈ గోడ పక్కన, పికప్ ఆ గోడ పక్కన ఉంటే, మధ్యలో వైరే లేకుండా, బండి స్టార్ట్ చేస్తే ఎవరి బ్యాటరీ నిండుతుంది బాబూ? వైరు తగిలించారే అనుకుందాం. ఆ సన్నటి వైరులో 10 ఆంపియర్లు వెళ్లాయనే అనుకుందాం. పావుగంటకు 2.5 ఆంపియర్ అవర్లు. పోయింది యాభై, పోసింది రెండున్నర. పైగా చివరి ఇరవై శాతం నిండటానికి సీసం బ్యాటరీకి గంటలు పడుతుంది, ఎంత పెద్ద ఆల్టర్నేటర్ పెట్టినా. పెట్రోలు పొగ తప్ప మిగిలేది లేదు.

ఛార్జర్‌ను వేసవంతా అలాగే వదిలేయమనేవాళ్లూ ఉన్నారు. ధర తక్కువని కొన్న ఛార్జర్ 45 డిగ్రీల్లో కూడా 25 డిగ్రీల వోల్టేజే ఇస్తుంది. బ్యాటరీ వేడెక్కేకొద్దీ డిగ్రీకి సుమారు 0.02 వోల్టు తగ్గించాలి. అంటే మామూలుగా 13.5 ఇచ్చే చోట 13.1 చాలు. తగ్గించకపోతే నీళ్లు హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోయి ప్లేట్లు బయటపడతాయి. మూసిన పెట్టెలో హైడ్రోజన్ చేరితే ఆ సంగతి వేరే. సోలార్ ప్యానెల్ మంచిదే, దుమ్ము తుడిచే మనిషి ఉంటే. లిథియం పెట్టేయమంటారు కొందరు: ఛార్జ్ చేసేటప్పుడు దానికీ వేడి పడదు, డబ్బు మాత్రం మూడింతలు పడుతుంది. చాలు.

మన ఊళ్లలో ఈ అపోహ ఎక్కడ పుట్టిందో నాకు అనుమానముంది. 2012, 2013 కరెంటు కోతల రోజుల్లో మధ్యతరగతి ఇళ్లలో ఇన్వర్టర్, దాని పక్కన ట్యూబులర్ బ్యాటరీ కొలువుతీరాయి. అవి చాలా ఇళ్లలో నాలుగైదేళ్లు నిలబడ్డాయి. డిస్టిల్డ్ వాటర్ పోస్తే చాలు అనుకున్నాం. నిజానికి ఆ బ్యాటరీకి రోజూ మేత పడింది. కరెంటు వచ్చిన ప్రతిసారీ ఇన్వర్టర్ దాన్ని నింపింది. నీళ్లు కాదు కాపాడింది, ఛార్జ్. ఆ తేడా పట్టించుకోకుండా ఖతర్ ఎక్కేశాం. తిరుపతి దగ్గర కరకంబాడిలో అమరరాజా, హైదరాబాద్‌లో హెచ్‌బీఎల్ లాంటి బ్యాటరీ కర్మాగారాలు పుట్టిన నేల మనది. అక్కడి నుంచి వచ్చి "వాడకపోతే పాడవదు" అంటే ఏమనాలి?

దోహా పారిశ్రామిక ప్రాంతం సనయ్యాలో బ్యాటరీ అమ్మేవాళ్లకు ఈ అపోహంటే ప్రాణం. పాతది తూకానికి తీసుకుంటారు, కొత్తది అంటగడతారు. సీసం కరిగించి మళ్లీ వాడతారు కాబట్టి వాళ్లకెటూ నష్టం లేదు. ఎవరూ "మీరు ఛార్జ్ చేశారా?" అని అడగరు. అడిగితే బేరం పోతుంది మరి.

మరేం చేయాలంటారా? పెద్ద శాస్త్రమేం కాదు. కరవాన్ మూసేముందు నిండా ఛార్జ్ చేసి, నెగిటివ్ వైరు తీసి, వీలైతే బ్యాటరీని నీడలోకి, గాలి ఆడే చోటికి మార్చండి. నెలకోసారి మీటరు పెట్టండి. 12.4 వోల్టుల కంటే తగ్గితే, వేడిని బట్టి వోల్టేజ్ సర్దుకునే ఛార్జర్‌తో మళ్లీ నింపండి, ప్లేట్లు మునిగేలా నీళ్లు చూసుకోండి. అంతే. చిన్న చిన్న తేడాలు బ్యాటరీని బట్టి ఉంటాయి, దాని మీది కాగితం చదవండి.

ఈ పని డ్రైవర్‌కు అప్పగిస్తారా, అయితే తాళం చెవి, మీటరు, ఛార్జర్ అతని చేతిలో పెట్టండి, దానికి పట్టే సమయం పని గంటల్లో లెక్కేయండి. మీరే చేస్తారా, మరీ మంచిది. ఏదీ కుదరదంటే ఏటా కొత్త బ్యాటరీ కొనుక్కోండి, మీ డబ్బు మీ ఇష్టం. అతని జీతంలో మాత్రం కోయకండి.