మన పిల్లల్ని లెక్కలో రాయించుకుందాం, రండి!

డోన్ అమ్మలారా, నాయనలారా, అవ్వలారా, తాతలారా!

మా పిల్లోనికి మూడేండ్లు నిండినా మాట రాలేదు. "వాళ్ల మేనమామకూ ఐదేండ్లకే వచ్చింది, వస పోయండి" అన్నారు. వస పోసినాం. తాయెత్తు కట్టించినాం. మద్దిలేటి సామి గుడికి శనివారాలు పోయినాం. ఆ మొక్కులు తప్పని మేం అనం. పేరు పెట్టి పిలిస్తే వీడెందుకు తిరిగి చూడడని అన్నేండ్లలో ఒక్క డాక్టరునైనా అడగలేదే అన్నదే మా కడుపుమంట.

దాని పేరు ఆటిజం. గాలి సోకడం కాదు, శాపం కాదు, తల్లి పెంపకంలో లోపం అసలే కాదు. మెదడు ఎదిగే తీరులో చిన్ననాటి నుంచే ఉండే తేడా. టీకాలతో వస్తుందని ఫోన్లలో తిరిగే మాట అబద్ధం. 1998లో ఆ మాట లేపిన వ్యాసాన్ని అచ్చేసిన లాన్సెట్ వైద్య పత్రికే 2010లో రద్దు చేసింది. టీకాలు మానొద్దు.

ఆటిజం ఉన్నోళ్లంతా ఒకే తీరుగా ఉంటారని కూడా అనుకోవద్దు. రైలు కూత వినబడితే చెవులు మూసుకొని మంచం కిందికి దూరే పిల్లోనిది ఆటిజం కావచ్చు. డోన్ జంక్షన్‌కు వచ్చే బండ్ల నంబర్లన్నీ గడగడా అప్పజెప్పి, పక్కింటి పిల్లోనితో ఆడుకోవడం మాత్రం తెలీనోనిదీ ఆటిజం కావచ్చు. బడిలో మంచి మార్కులు తెచ్చుకుంటా, తోటి పిల్లలు నవ్వితే చూసి తనూ నవ్వి, ఇంటికొచ్చి తలుపేసుకొని ఏడ్చే ఆడపిల్లనైతే ఎవరూ అనుమానించరు. ఒకరికి మాట కష్టం, ఒకరికి నిద్ర, ఒకరికి అన్నం ముద్ద నోట్లో తగిలే తీరే కష్టం. ఇంత వెడల్పు ఉంది కాబట్టే డాక్టర్లు దాన్ని స్పెక్ట్రమ్ అంటారు.

ఎంతమంది ఉంటారు? 2021కి ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా 127 మందిలో ఒకరు. మన దేశంలో హైదరాబాదుతో కలిపి ఐదు చోట్ల దాదాపు నాలుగు వేలమంది పిల్లల్ని పరీక్షించిన అధ్యయనం 2018లో అచ్చయింది. అందులోనూ నూటికి దాదాపు ఒకరు తేలినారు. అమెరికాలో 2000లో 150 మంది పిల్లల్లో ఒకరుంటే, 2022 లెక్కకు 31 మందిలో ఒకరైనారు. అంటురోగమా ఇట్ల పెరగడానికి? కాదు. ఆ 2022 లెక్కలోనే టెక్సాస్‌లో ఒకచోట 103 మందిలో ఒకరు, కాలిఫోర్నియాలో ఒకచోట 19 మందిలో ఒకరు. కాలిఫోర్నియాలో పిల్లల డాక్టర్లకు నేర్పించి, చిన్నప్పుడే పట్టి చూసే ఏర్పాటుంది. వెదికినచోట దొరికినారు.

మన ఊర్లో వెదికిందెవరు? 2011లో డోన్ పట్టణ జనాభా దాదాపు 59 వేలు. 127కు ఒకరని కట్టినా నాలుగున్నర వందలు దాటుతారు. మీకు ఎంతమంది తెలుసు? మిగిలినోళ్లు గొళ్లెం పెట్టిన తలుపు వెనకున్నారు. బడిలో చివరి వరసలో "మొద్దు" అనిపించుకుంటున్నారు. సుగ్గికి పోయిన అమ్మానాయనల వెంట గుంటూరు మిరప చేలల్లో ఉన్నారు. 2011 జనాభా లెక్కల ఫారంలో ఆటిజానికి గడే లేదు. గడి లేనిచోట డాక్టరు ఎట్ల వస్తాడు, టీచరు ఎట్ల వస్తుంది?

2016 వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాల్లో ఆటిజాన్నీ చేర్చింది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే 6 నుంచి 18 ఏండ్ల దాకా ఉచిత చదువు హక్కు. నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల వరకు. సర్టిఫికెట్ కోసం వాడే 40 అంశాల పరీక్షను తయారుచేసింది మన సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లోని సంస్థే.

ఏడాది నిండినా పేరు పిలిస్తే చూడకపోయినా, ఏడాదిన్నరకు కావలసింది వేలితో చూపకపోయినా, వచ్చిన మాటలు పోయినా అంగన్‌వాడీ టీచరుకు అదే వారం చెప్పండి. బడికి వచ్చే ఆరోగ్య బృందాన్ని నిలబెట్టి అడగండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉండే భవిత కేంద్రంలో పేరు రాయించండి. 2027 ఫిబ్రవరిలో జనాభా లెక్కలకు మీ గడపకు వచ్చినోళ్ల ముందు పిల్లోన్ని లోపలి గదిలో దాచొద్దు. వైకల్యం సంగతి అడిగితే ఆటిజం అని నోరు తెరిచి చెప్పండి.

ఏప్రిల్ 2, ప్రపంచ ఆటిజం దినం. ఆ పొద్దు ఉదయం 10 గంటలకు ఆర్డీవో ఆఫీసు దగ్గరికి రండి. మనం అడిగేది ఒక్కటే: డోన్ ప్రభుత్వాసుపత్రిలో నెలకు ఒక్కరోజు ఆటిజం చూసే డాక్టరును కూర్చోబెట్టి, సదరం వైకల్య సర్టిఫికెట్ ఇక్కడే ఇప్పించాలి. కూలి పోగొట్టుకొని, కేకలు పెట్టే పిల్లోన్ని బస్సులో పట్టుకొని తల్లులు కర్నూలు దాకా తిరగకూడదు.

పిల్లోని ఆధార్ నకలు తెండి. అర్జీ రాయడం రాకపోతే చెప్పండి, మేం రాస్తాం. అరుస్తాడని, పరువు పోతుందని ఇంట్లో వదిలి రావొద్దు, వెంటబెట్టుకొనే రండి. నీడ ఉంటుంది, నీళ్లుంటాయి. చెవులు మూసుకునే పిల్లలు వస్తారు కాబట్టి మైకు ఉండదు, డప్పులు ఉండవు.

ఇట్లు,
డోన్‌లో ఆటిజం పిల్లల అమ్మానాయనలు