మందు ఉచితమే, మరి ఎందుకు ఆపేస్తున్నారు?

హెచ్‌ఐవీ మందులను ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాల్లో ఉచితంగా ఇవ్వడం మన దేశంలో 2004 ఏప్రిల్ 1న మొదలైంది. ఇప్పుడు చాలామందికి రోజుకు ఒక్క మాత్ర చాలు. అయినా కొందరు మధ్యలో ఆపేస్తున్నారు. అది కేవలం నిర్లక్ష్యం కాదు.

మందు ఉచితమే గాని, దానికోసం వెళ్లే రోజు ఉచితం కాదు. ఆనాటి కూలి పోతుంది, బస్సు చార్జీలవుతాయి. తెలిసినవారు చూస్తారన్న భయంతో దగ్గరి కేంద్రాన్ని వదిలి దూరం వెళ్లేవారున్నారు. ఇంట్లోవారికి తెలియకుండా మాత్రలు దాచుకునే మనిషి ఒక పూట తప్పడం వింతా? ఒంట్లో బాగుందని మానేసేవారు మరికొందరు. మానేస్తే వైరస్ మళ్లీ పెరుగుతుంది. తరచూ తప్పితే మందుకు లొంగకుండానూ పోవచ్చు.

2017 నాటి చట్టం హెచ్‌ఐవీ ఉన్నవారిపై వివక్షను నిషేధించింది. కానీ భయాన్ని చట్టం ఒక్కటే తీసివేయలేదు. ఆ పని మన సంఘాలది కూడా. ప్రార్థన విన్నపం పేరుతో ఒకరి రహస్యాన్ని నలుగురిలో పెట్టవద్దు. స్వస్థత కోసం ప్రార్థిద్దాం. “ఇక మాత్రలు ఆపేయండి” అని మాత్రం ఏ సేవకుడూ చెప్పకూడదు. ఆ మాట ప్రాణం తీయగలదు.