అత్తయ్య దాచిన వాచీ

అవనిగడ్డలో మా అత్తయ్య బీరువా సర్దుతుంటే మామయ్య డిజిటల్ వాచీ బయటపడింది. 1980లలో కువైటు నుంచి తెచ్చుకున్నది. ఆయన పోయిననాడు చేతినుంచి తీసి, పట్టుగుడ్డలో చుట్టి దాచింది ఆవిడే. ఇప్పుడు తెరమీద ఒక్క అంకె లేదు. "దానికీ ఆయుష్షు తీరిందిలే" అన్నది.

నాకు మనసొప్పక గుడివాడలో ఒక వాచీ మెకానిక్కుకు చూపించాను. మూత తీయగానే సంగతి తెలిసింది. లోపలి బిళ్ళ బ్యాటరీ కారి, రేకులకు చిలుము పట్టింది. "ఇది వాడి చెడినది కాదండీ, దాచి చెడినది" అన్నాడాయన.

యంత్రం మాత్రం భద్రంగా ఉంది. అందులోని స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ లెక్కను 15 సార్లు సగం చేస్తూ పోతే చివరకు ఒకటి మిగులుతుంది. అదే మన సెకను. ఆయన చిలుము గీకి, తెరకు కరెంటు మోసే రబ్బరు పట్టీని స్పిరిటుతో తుడిచి, కొత్త బిళ్ళ వేశాడు. మా బందరు ఉప్పుగాలి చొరబడకుండా మూత కింది రబ్బరు చుట్ట కూడా మార్చాడు. అంకెలు లేచి కూర్చున్నాయి!

ఆ వాచీ పెట్టుకునే అవనిగడ్డ వెళ్ళాను. సాయంత్రం సరిగ్గా ఆరింటికి అది 'కీక్' మన్నది. వంటింట్లోంచి అత్తయ్య గబగబా వచ్చింది. "ఆ కూత వినగానే మీ మామయ్య షికారుకు చెప్పులు వేసుకునేవారురా" అని, నా మణికట్టు పట్టుకుని చాలాసేపు చూసింది.

మీ ఇంట్లోనూ ఇలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. పెట్టుకుంటే సరే, దాచదలిస్తే మాత్రం ముందు బ్యాటరీ తీయించండి సుమా!